లెన్స్ తిరగేసి పురుగుల ఫొటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మామూలు లెన్స్‌ను వెనక్కి తిప్పి కెమెరాకు బిగించి చీమ కళ్లు, ఈగ రోమాలు, సీతాకోకచిలుక రెక్క మీది పొలుసులు ఫొటో తీయాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. రింగు బిగించడం ఐదు నిమిషాల పని. అసలు సందేహాలు ఆ తర్వాతే మొదలవుతాయి, వాటిలో చాలా మటుకు వెలుతురు దగ్గరే తేలతాయి. తొందరలో ఉన్నవాళ్లు నేరుగా ఫ్లాష్ గురించిన జవాబుకు వెళ్లిపోవచ్చు.

లెన్స్‌ను తిరగేయడం అంటే సరిగ్గా ఏం చేయాలి?

లెన్స్‌కు రెండు కొసలు. వెనక కొస కెమెరాకు తగులుతుంది (ఆ తగిలే చోటునే మౌంట్ అంటారు), ముందు కొసకు ఫిల్టర్ బిగిస్తాం. తిరగేసినప్పుడు ఫిల్టర్ బిగించే కొస కెమెరా వైపుకు, మౌంట్ ఉన్న కొస పురుగు వైపుకు వస్తాయి. ఇందుకు రివర్స్ రింగ్ అనే సన్నటి లోహపు చక్రం కావాలి. దానికి ఒక పక్క మీ కెమెరా మౌంట్ ఆకారం, రెండో పక్క ఫిల్టర్ మరలు ఉంటాయి. ముందు రింగును లెన్స్ మరల్లో బిగించి, తర్వాత మొత్తాన్నీ మామూలు లెన్స్‌లాగే కెమెరాకు తగిలించాలి. రింగులో గాజు ఉండదు కాబట్టి ఏ కంపెనీదైనా ఫొటో నాణ్యతలో తేడా రాదు. మౌంట్ వదులుగా లేకుండా ఉంటే చాలు.

తిరగేస్తే పురుగు అంత పెద్దగా ఎందుకు కనిపిస్తుంది?

మామూలు లెన్స్‌కు ఎదురుగా ఉండే మనిషో చెట్టో మీటర్ల దూరంలో ఉంటాయి. వెనకున్న సెన్సర్ మాత్రం నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే. పెద్ద దృశ్యాన్ని చిన్న సెన్సర్ మీదికి కుదించడమే ఆ లెన్స్ పని. తిప్పి పెట్టేసరికి దగ్గరి దూరానికి చేసిన కొస పురుగు వైపుకు వస్తుంది. కుదించే పని కాస్తా పెద్దది చేసే పనిగా మారుతుంది.

లెన్స్‌ను తిప్పకుండా, కెమెరాకు లెన్స్‌కు మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబులనే ఖాళీ గొట్టాలు పెట్టి కూడా పెద్దది చేయొచ్చు కదా అంటే, చేయొచ్చు. కానీ సైజు 1:1 దాటిందంటే, అంటే సెన్సర్ మీది బొమ్మ పురుగు అసలు సైజును మించిందంటే, లెన్స్‌కు సెన్సర్ కన్నా పురుగే దగ్గరగా ఉంటుంది. లెన్స్ తయారుచేసినవాళ్లు అద్దాల లోపాలను సవరించింది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన దూరాల కోసం. తిప్పి పెడితే దగ్గరగా ఉండాల్సిన వైపు దగ్గరగానే, దూరంగా ఉండాల్సిన వైపు దూరంగానే ఉంటాయి. 1:1 పైన తిరగేసిన లెన్స్ స్పష్టంగా తీసేది అందుకే. 1:1 కన్నా తక్కువ సైజు చాలనుకుంటే తిరగేయడం వల్ల ఒరిగేదేమీ లేదు, అలాంటప్పుడు ట్యూబులే నయం.

ఏ లెన్స్‌తో ఎంత పెద్దదవుతుంది?

ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద మి.మీ.లలో రాసి ఉండే సంఖ్య) తగ్గేకొద్దీ సైజు పెరుగుతుంది. మామూలుగా మనకున్న అలవాటుకు ఇది పూర్తిగా తలకిందులు. డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) మీద 50 మి.మీ. లెన్స్ తిరగేస్తే 1:1కు కొంచెం అటూ ఇటూగా వస్తుంది. అంటే పురుగు అసలు సైజు ఎంతో, సెన్సర్ మీద దాని బొమ్మ కూడా దాదాపు అంతే. 35 మి.మీ. ఒకటిన్నర రెట్ల దగ్గర, 28 మి.మీ. రెండు రెట్ల దగ్గర ఉంటాయి. కెమెరాతో పాటు వచ్చే 18-55 జూమ్‌ను 18 దగ్గర పెడితే మూడు రెట్లు దాటుతుంది, 55 దగ్గర 1:1 లోపే ఉంటుంది. ఫోకస్‌కు పనికిరాకపోయినా జూమ్ రింగ్ ఇక్కడ సైజు మార్చడానికి భలే పనికొస్తుంది.

మీ లెన్స్ ఎంత ఇస్తుందో కచ్చితంగా తెలియాలంటే ప్లాస్టిక్ స్కేలును ఫొటో తీయండి. ఫ్రేము వెడల్పులో ఎన్ని మిల్లీమీటర్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి, సెన్సర్ వెడల్పును ఆ సంఖ్యతో భాగించండి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ., ఏపీఎస్-సీ సుమారు 23.5 (కేనన్‌లో 22.3), మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3. ఏపీఎస్-సీ కెమెరాలో స్కేలు మీద 8 మి.మీ. కనిపిస్తే అది దాదాపు మూడు రెట్లు.

మూడు రెట్లు వస్తుందంటే అందరికీ ఆశ పుడుతుంది. కానీ మొదట్లో 50 మి.మీ.తోనే కొన్నాళ్లు తీయండి. మూడు రెట్ల దగ్గర చీమ ఫ్రేములో దొరకడమే కష్టం. దొరికినా అర సెకనులో మాయమవుతుంది.

ఎలాంటి లెన్స్ వెతుక్కోవాలి?

ఎపర్చర్ (లెన్స్ లోపల వెలుతురు దూరే రంధ్రం) మార్చే రింగ్ లెన్స్ మీదే ఉన్నది. ఇంతకు మించి చూడాల్సింది పెద్దగా లేదు. తిరగేసిన లెన్స్‌కు కెమెరాతో విద్యుత్ సంబంధం ఉండదు కాబట్టి ఎపర్చర్‌ను చేత్తో మార్చగలగాలి. ఫిల్మ్ కాలం నాటి 50 మి.మీ., 28 మి.మీ. లెన్సులు ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి: నికాన్ ఏఐ-ఎస్, ఏఎఫ్-డి రకాలు, పెంటాక్స్ కే, ఒలింపస్ ఓఎమ్, ఎమ్42 మరల లెన్సులు. తిరగేశాక లెన్స్ మౌంట్ ఎటూ కెమెరాకు తగలదు కాబట్టి మీ కెమెరా కంపెనీదే కావాలన్న నియమం లేదు. నికాన్ లెన్స్ కేనన్ బాడీ మీద నిక్షేపంగా పనిచేస్తుంది.

పాత లెన్స్ కొనేటప్పుడు ఎపర్చర్ రెక్కల మీద నూనె పేరుకుని అంటుకుపోయాయేమో, లోపల బూజు పట్టిందేమో చూసుకోండి. ఆటోఫోకస్ పాడైందని ఎవరైనా మూలన పడేసిన లెన్స్ ఉంటే ఇంకా మంచిది, మనకు ఆ మోటారుతో పనే లేదు. ఎమ్42 లెన్సుల్లో కొన్నింటికి ఆటో, మాన్యువల్ అని చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని మాన్యువల్‌లో పెట్టకపోతే రింగ్ తిప్పినా రెక్కలు కదలవు.

నా లెన్స్‌కు ఎపర్చర్ రింగ్ లేదు. ఇక అంతేనా?

అంతే కాదు, కాస్త తిప్పలు పడాలి.

కేనన్ ఈఎఫ్ లెన్స్ అయితే ముందు మామూలుగా తగిలించి, ఏవీ మోడ్‌లో (ఎపర్చర్ మనం ఎంచుకునే మోడ్) ఎఫ్/8 పెట్టండి; ఎఫ్ పక్కన సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. రెక్కలను ఆ ఎపర్చర్‌కు మూసి చూపే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని, వదలకుండా లెన్స్ విప్పేయండి. రెక్కలు ఎక్కడ ఉన్నాయో అక్కడే ఆగిపోతాయి. మళ్లీ మార్చాలంటే ఇదే తతంగం. అందుకే ఒకసారి ఎఫ్/8 పెట్టి రోజంతా అలాగే తీసేవాళ్లు ఎక్కువ.

నికాన్ జీ రకం లెన్స్‌లో సమస్య ఇంకోలా ఉంటుంది. కెమెరా నుంచి విప్పగానే స్ప్రింగ్ లాగేసి రెక్కలు పూర్తిగా మూసుకుంటాయి, వ్యూఫైండర్‌లో చీకటి తప్ప ఏమీ ఉండదు. మౌంట్ దగ్గర కనిపించే చిన్న లివర్‌ను కావలసినంత జరిపి, కాగితం మడత సందులో దోపి ఆపవచ్చు. బలంగా నెట్టకండి, ఆ లివర్ వంగితే లెన్స్ మళ్లీ మామూలు ఫొటోలకు కూడా పనికిరాదు. తిరగేసినా విద్యుత్ సంబంధం తెగకుండా కేబుల్‌తో కలిపే అడాప్టర్లు నోవోఫ్లెక్స్ లాంటి కంపెనీలు చేస్తాయి. సౌకర్యంగానే ఉంటాయి, కానీ వాటికి పెట్టే డబ్బుతో ఎపర్చర్ రింగ్ ఉన్న పాత లెన్స్ తీసుకుని మిగిలింది ఫ్లాష్ మీద పెట్టడం తెలివైన పని అని నా ఉద్దేశం.

మిర్రర్‌లెస్ కెమెరాకు కుదురుతుందా?

మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం లేని పలచని కెమెరా. ఆ కెమెరాకు కుదురుతుంది, మిర్రర్‌లెస్ లెన్సులకే కుదరదు. కారణం మౌంట్‌కు సెన్సర్‌కు మధ్య దూరం. నికాన్ ఎఫ్ మౌంట్‌లో అది 46.5 మి.మీ., కేనన్ ఈఎఫ్‌లో 44. అదే సోనీ ఈలో 18, కేనన్ ఆర్‌ఎఫ్‌లో 20, నికాన్ జెడ్‌లో 16 మాత్రమే. లెన్స్‌ను తిప్పితే పురుగు ఉండాల్సిన చోటు కూడా మౌంట్ నుంచి ఇంచుమించు ఆ దూరంలోనే, ఇంకొంచెం అవతల ఉంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్ తిప్పితే పురుగుకు లెన్స్‌కు మధ్య నాలుగైదు సెంటీమీటర్ల చోటు మిగిలేది అందువల్లే. మిర్రర్‌లెస్ లెన్స్ తిప్పితే ఆ చోటు రెండు సెంటీమీటర్ల దగ్గరికి పడిపోతుంది. వెలుతురు దూరదు, పురుగు ఉండదు.

కాబట్టి మిర్రర్‌లెస్ బాడీ మీద పాత డీఎస్‌ఎల్‌ఆర్ లేదా ఫిల్మ్ లెన్స్‌నే తిరగేయండి. ఒక మెలిక ఉంది. బాడీ పలచన కావడంతో లెన్స్ సెన్సర్‌కు దగ్గరైపోయి, పైన చెప్పినంత సైజు రాదు. బాడీకి ముందు దాన్ని పాత మౌంట్‌కు మార్చే అడాప్టర్ తగిలించి, దానికి ఆ మౌంట్ రివర్స్ రింగ్ పెడితే లెక్క సరిపోతుంది.

రింగు సైజు ఎలా తెలుసుకోవాలి?

లెన్స్ ముందు భాగంలో లేదా మూత లోపల సున్నాకు అడ్డగీత గీసినట్టుండే గుర్తు పక్కన ఒక సంఖ్య ఉంటుంది: 49, 52, 55, 58 అలా. అదే ఫిల్టర్ సైజు. రింగు కొనేటప్పుడు ఆ సంఖ్య, మీ కెమెరా మౌంట్ పేరు రెండూ సరిపోవాలి. పాత నికాన్ లెన్సుల్లో చాలావాటికి 52. సైజు కలవకపోతే ఒక సైజు మరలను ఇంకో సైజుకు కలిపే స్టెప్ రింగు ఒకటి మధ్యలో పెడితే సరి.

బటన్ నొక్కితే ఫొటో పడటం లేదు. కెమెరా పాడైందా?

లేదు, లెన్స్ లేదని కెమెరా అనుకుంటోంది. సోనీ, ఫుజీ, కేనన్ మిర్రర్‌లెస్ మెనూల్లో లెన్స్ లేకుండా షట్టర్ పడనిచ్చే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో మోడ్ డయల్‌ను ఎమ్ మీద పెట్టండి. వాటిలో చిన్న మోడళ్లు వెలుతురు కొలిచే మీటర్ కూడా చూపించవు. పర్వాలేదు, ఫ్లాష్‌తో తీసేటప్పుడు ఒకటి రెండు ఫొటోలు తీసి తెర మీద చూసుకుంటే అంచనా వచ్చేస్తుంది.

ఫోకస్ రింగ్ ఎంత తిప్పినా ఏమీ మారడం లేదు?

మారదు. ఫోకస్ కోసం కెమెరానే ముందుకు వెనక్కి జరపాలి. ఫోకస్ కుదిరే దూరం కన్నా కొంచెం వెనక నుంచి మొదలుపెట్టి, మెల్లగా ముందుకు వంగుతూ కంటి మీద స్పష్టత వచ్చిన క్షణాన బటన్ నొక్కండి. నొక్కే ముందు శ్వాస సగం వదిలి ఆపడం కొందరికి పనికొస్తుంది.

పాత 50 మి.మీ. లెన్సుల్లో ఆ రింగుకు ఇంకో ఉపయోగం ఉంది. దగ్గర దూరం వైపు తిప్పితే మౌంట్ ఉన్న గొట్టం అద్దాన్ని దాటి ముందుకు వస్తుంది. ఊరికే హుడ్ దొరికినట్టు! పక్క నుంచి పడే వెలుతురును ఆపుతుంది. తిరగేసిన లెన్సుల్లో ఫొటో పాలిపోయినట్టు రావడానికి ఈ పక్క వెలుతురే ముఖ్య కారణం.

ట్రైపాడ్ తప్పనిసరా?

కదిలే పురుగుకు ట్రైపాడ్ అడ్డమే. మీరు కాళ్లు సర్దేలోపు అది పక్క మొక్క మీద ఉంటుంది. ఫ్లాష్ ఉంటే చేత్తోనే తీయొచ్చు. ఎడమ చేతి వేళ్లతో పురుగు ఉన్న కాడను పట్టుకుని, లెన్స్‌ను అదే చేతి మీద ఆనించడం మంచి పద్ధతి. గాలికి కాడ ఊగినా కెమెరా కూడా దానితో పాటే ఊగుతుంది కాబట్టి దూరం మారదు. నేల మీద చీమలకైతే మోచేతులు నేలకు ఆనించి పడుకోండి. తెల్లవారుజామున నిద్రలో ఉన్న తూనీగకు, ఫ్లాష్ లేకుండా తీయాలనుకున్నప్పుడు మాత్రం ట్రైపాడ్ కావాలి.

ఎపర్చర్ ఎంత పెట్టాలి? కన్ను వస్తే కాళ్లు రావడం లేదు.

ఈ సైజుల్లో ఫోకస్‌లో ఉండే మందం నమ్మలేనంత తక్కువ. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్/8 దగ్గర 1:1కు సుమారు 1 మి.మీ. రెండు రెట్లకు అందులో మూడో వంతు పైచిలుకు. నాలుగు రెట్లకు 0.15 మి.మీ. అయితే ఎఫ్/22 పెట్టేద్దాం అనుకుంటారు అందరూ. పెడితే మందం పెరుగుతుంది కానీ ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది, ఏ రోమమూ పదునుగా ఉండదు.

దీనికి కారణం కాంతి సన్నని రంధ్రం గుండా వెళ్లేటప్పుడు చెదరడం. దగ్గరి ఫొటోల్లో ఆ రంధ్రం లెన్స్ మీద రాసినదాని కన్నా సన్నగా పనిచేస్తుంది. లెక్క సులువే: రాసిన సంఖ్యను సైజుకు ఒకటి కలిపి గుణించండి. ఎఫ్/8, రెండు రెట్లు అయితే 8 ఇంటూ 3, అంటే అసలు పనిచేసేది ఎఫ్/24. మూడు రెట్లయితే ఎఫ్/32. వైడ్ లెన్సులను తిరగేస్తే ఇంతకన్నా కొంచెం తక్కువ అవుతుంది. అందుకే సైజు పెరిగేకొద్దీ ఎపర్చర్ తెరుస్తూ పోవాలి. 1:1 దగ్గర ఎఫ్/8 నుంచి 11, రెండు రెట్ల దగ్గర ఎఫ్/5.6 నుంచి 8, మూడు దాటితే ఎఫ్/4 నుంచి 5.6. వ్యూఫైండర్ చీకటిగా అనిపించేదీ ఇందుకే. రింగును పూర్తిగా తెరిచి ఫోకస్ చూసుకుని, తర్వాత గుర్తున్నన్ని క్లిక్కులు మూసి తీసేవాళ్లున్నారు. నిదానంగా ఉండే పురుగులకు ఆ పద్ధతి బాగుంటుంది.

ఉన్న మందాన్ని తెలివిగా వాడుకోవాలి. పురుగు ఒళ్లంతా రావాలంటే పక్క నుంచి, దాని పొడవుకు సెన్సర్ సమాంతరంగా ఉండేలా తీయండి. ఎదురుగా తీస్తే రెండు కళ్లూ ఒకే తలంలో ఉండేలా చూడండి, మిగతాది మసకబారినా ఎవరూ తప్పు పట్టరు. కన్ను మసకబారితే మాత్రం ఆ ఫొటో పోయినట్టే.

ఎండ ఉంది కదా, ఫ్లాష్ ఎందుకు?

ఎఫ్/24గా పనిచేసే ఎపర్చర్‌కు ఎండ చాలదు. చాలినా చేతి వణుకును ఆపేంత షట్టర్ వేగం దొరకదు, ఐఎస్ఓ (వెలుతురును సెన్సర్ ఎంత గ్రహించాలో చెప్పే సెట్టింగ్) పెంచితే గరుకు వస్తుంది. పైగా నడినెత్తి ఎండలో పురుగు వీపు తెల్లగా వెలిగిపోయి పొట్ట నల్లగా మునిగిపోతుంది.

ఫ్లాష్ వెలుగు అతి తక్కువ సేపు ఉంటుంది. చిన్న ఫ్లాష్‌ను తక్కువ పవర్‌లో వాడితే ఆ మెరుపు సెకనులో కొన్ని వేల వంతు మాత్రమే. ఫొటో ఆ మెరుపులోనే తయారవుతుంది కాబట్టి వణుకు, గాలి, పురుగు కదలిక మూడూ ఒకేసారి ఆగిపోతాయి. ఇంచుమించుగా ఇలా మొదలుపెట్టండి: ఎమ్ మోడ్, ఐఎస్ఓ 200, షట్టర్ 1/200 లేదా మీ కెమెరా ఫ్లాష్‌తో కలిసే గరిష్ఠ వేగం, ఫ్లాష్ మాన్యువల్‌లో 1/8 పవర్. ఫొటో చూసి ఫ్లాష్ పవర్ ఒక్కటే పెంచండి, తగ్గించండి. మిగతావి కదపనక్కర్లేదు. పురుగు దూరం ఎప్పుడూ ఒకటే కాబట్టి ఒకసారి కుదిరిన పవర్ ఆ ఎపర్చర్‌కు దాదాపు ప్రతిసారీ కుదురుతుంది.

ఇక డిఫ్యూజర్, అంటే ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే తెర. తిరగేసిన లెన్స్‌తో వచ్చే ఫొటో అందం సగానికి పైగా దీని చేతిలోనే ఉంది. ఫ్లాష్ ముఖం చిన్నది, దాన్ని నేరుగా వదిలితే నిగనిగలాడే పేడపురుగు వీపు మీద తెల్లటి చుక్క, చుట్టూ కటిక నలుపు వస్తాయి. వెలుతురు మెత్తగా ఉండాలంటే అది వచ్చే చోటు పురుగుతో పోలిస్తే పెద్దదిగా, దగ్గరగా ఉండాలి. ఫ్లాష్ నుంచి లెన్స్ కొస దాకా గొడుగులా వంగే తెల్లటి పలచని షీటు అమర్చండి. ట్రేసింగ్ పేపర్, ప్యాకింగ్‌లో వచ్చే పలచని తెల్ల ఫోమ్, పాలరంగు ప్లాస్టిక్ డబ్బా ముక్క, ఏదైనా పనిచేస్తుంది. ఫ్లాష్‌కు షీటుకు మధ్య కొంచెం ఎడం ఉంచి, రెండు పొరలు పెడితే వెలుతురు ఇంకా సమంగా పరుచుకుంటుంది. కెమెరాలోని పాపప్ ఫ్లాష్‌తో కూడా ఇలా చేయొచ్చు. షీటు లేకుండా దాన్ని వాడితే మాత్రం లెన్స్ నీడే పురుగు మీద పడుతుంది.

డిఫ్యూజర్ సరిగ్గా ఉందో లేదో పురుగే చెబుతుంది. ఫొటో పెద్దది చేసి మెరిసే వీపు మీద ప్రతిబింబం చూడండి. గట్టి అంచుల చిన్న తెల్ల మచ్చ కనిపిస్తే షీటు సరిపోలేదు. పెద్దగా, అంచుల దగ్గర మెల్లగా కలిసిపోయే వెలుగైతే బాగున్నట్టే. కింది భాగం మరీ చీకటిగా ఉంటే చిన్న తెల్ల కార్డు పురుగు కింద పట్టుకోండి.

వెనక అంతా నల్లగా వస్తోంది. రాత్రి తీసినట్టుంది.

ఫ్లాష్ వెలుగు దూరంతో పాటు చాలా త్వరగా తగ్గిపోతుంది, రెట్టింపు దూరానికి నాలుగో వంతే మిగులుతుంది. పురుగు ఐదు సెంటీమీటర్లలో ఉంటే అర మీటరు వెనకున్న పొదకు ఏమీ చేరదు. పురుగు వెనక రెండు మూడు అంగుళాల్లో ఒక ఆకు పట్టుకుంటే పచ్చటి నేపథ్యం వస్తుంది. నాకైతే సాలీళ్లకు నలుపే బాగుంటుందనిపిస్తుంది, సీతాకోకచిలుకలకు అస్సలు నప్పదు.

దగ్గరికి వెళ్లేలోపే ఎగిరిపోతున్నాయి. ఎలా?

వేళ చూసుకుని వెళ్లండి. పురుగుల ఒంటి వేడి చుట్టూ ఉన్న వాతావరణాన్ని బట్టి ఉంటుంది. సూర్యుడు రాకముందు, చల్లదనంలో వాటి కండరాలు చురుగ్గా పనిచేయవు. మధ్యాహ్నం మీటరు దూరంలోనే లేచిపోయే తూనీగ ఉదయం మంచు బొట్లతో కాడను కరిచి పట్టుకుని మీ లెన్స్ ముందు కదలకుండా ఉంటుంది. వాన వెలిసిన వెంటనే, సాయంత్రం చీకటి పడే వేళ కూడా మంచివే.

నీడ పురుగు మీద పడనివ్వకండి. అకస్మాత్తుగా నీడ పడటమంటే వాటి లెక్కలో పిట్ట వచ్చినట్టు. ఈగల కళ్లు వేగమైన కదలికను చటుక్కున పట్టేస్తాయి, మెల్లని కదలికను అంతగా పట్టించుకోవు. కాబట్టి పక్కలకు ఊగకుండా, నేరుగా, నత్తలాగా దగ్గరికి జరగండి. కాడను, ఆకును తట్టకండి. తేనెటీగల మీద ఊపిరి వదలకండి, మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వాటిని రెచ్చగొడుతుంది. కందిరీగల గూడు దగ్గర మాత్రం ఈ లెన్స్ వద్దే వద్దు. ఐదు సెంటీమీటర్ల దూరం వాటితో పెట్టుకునే దూరం కాదు.

తిండిలో మునిగినవి, జతకట్టినవి, గూడు కట్టుకుంటున్నవి మనల్ని ఎక్కువ సేపు భరిస్తాయి. పేనుబంక పట్టిన లేత కొమ్మ ఒక్కటి దొరికితే అరగంట పని దొరికినట్టే. పేనుబంక ఎటూ పోదు, దాని తీపి కోసం చీమలు వస్తాయి, దాన్ని తినడానికి అక్షింతల పురుగులు వాటి పిల్లలతో సహా వస్తాయి. గెంతే సాలీడు అయితే తనే తలెత్తి లెన్స్ వైపు చూస్తుంది. ఒక్కోసారి లెన్స్ మీదికే దూకేస్తుంది కూడా. మొదటిసారి ఫొటో తీయడానికి ఇంతకన్నా మంచి మోడల్ లేదు. పురుగు కాదు కదా అనకండి, ఎనిమిది కాళ్లున్నా మన లెన్స్‌కు అభ్యంతరం లేదు.

ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కదలవంటారు?

వద్దు. అది పురుగుకు హింస. పైగా చలికి ముడుచుకున్న కాళ్లు, వాలిపోయిన మీసాలు ఫొటోలో తెలిసిపోతాయి. జిగురుతో అంటించడం, మందు చల్లడం కూడా అంతే. ఉదయం తొందరగా లేస్తే ప్రకృతే ఆ చల్లదనం ఇస్తుంది.

చాలా ఫొటోలు కలిపి ఒకటి చేస్తారంటారు, అదేమిటి?

ఫోకస్ స్టాకింగ్. ముందు మీసం కొసకు, తర్వాత కంటికి, తర్వాత మెడకు, ఇలా కొంచెం కొంచెం జరుపుతూ తీసి, ఒక్కో ఫొటోలో స్పష్టంగా ఉన్న భాగాన్ని సాఫ్ట్‌వేర్‌తో కలపడం. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ దీని కోసమే ఉన్నాయి, ఫొటోషాప్‌లోనూ చేయొచ్చు. ఒక్కో అడుగు ఫోకస్ మందం కన్నా తక్కువగా ఉండాలి, లేకపోతే మధ్యలో మసక చారలు మిగులుతాయి. చచ్చిన పురుగుకు ఫోకస్ రైలు (కెమెరాను కొంచెం కొంచెం జరిపే పట్టా) మీద వంద ఫొటోలైనా తీయొచ్చు. బతికున్న వాటికి చేత్తో వరుసగా నాలుగైదు తీస్తే వాటిలో రెండు మూడు కలుస్తాయి. తల ఒక ఫొటోలో, ఛాతీ ఇంకో ఫొటోలో వస్తే అదే గొప్ప లాభం.

ఇంకా పెద్దది కావాలంటే?

రెండు దారులున్నాయి. తిరగేసిన లెన్స్ వెనక ఎక్స్‌టెన్షన్ ట్యూబు పెట్టొచ్చు. ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత పెరుగుతుందో తెలుస్తుంది: 28 మి.మీ. లెన్స్‌కు 28 మి.మీ. ట్యూబు ఒక రెట్టు కలుపుతుంది, 50 మి.మీ. లెన్స్‌కు అదే ట్యూబు సగం కన్నా కొంచెం ఎక్కువ కలుపుతుంది.

రెండోది, కెమెరాకు మామూలుగా తగిలించిన టెలిఫొటో లెన్స్ ముందు ఇంకో లెన్స్‌ను తిప్పి బిగించడం. రెండు పక్కలా ఫిల్టర్ మరలున్న కప్లింగ్ రింగ్ కావాలి. వెనక లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను ముందుదానితో భాగించండి: 200 మీద 50 అంటే నాలుగు రెట్లు. ముందు లెన్స్ ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఉంచి, వెనకదానితో నడిపించాలి. అది కెమెరాకు మామూలుగానే తగిలి ఉంటుంది కాబట్టి ఎపర్చర్ గొడవ లేదు. మూలలు నల్లబడితే ముందుది పెద్ద అద్దమున్న ఎఫ్/1.8 రకం పెట్టి చూడండి.

ఫోన్‌తో కుదురుతుందా?

సూత్రం అదే, కానీ 50 మి.మీ. లెన్స్‌ను ఫోన్ ముందు తిప్పి పట్టుకుంటే నిరాశే. ఫోన్ లెన్స్ ఫోకల్ లెంగ్త్ చాలా చిన్నది, దాన్ని 50తో భాగిస్తే ఏమీ మిగలదు. ఫోన్‌కు అతి చిన్న ఫోకల్ లెంగ్త్ ఉన్నదే కావాలి: పాడైన ఫోన్ కెమెరా లెన్స్, లేజర్ పాయింటర్ లెన్స్ లాంటివి. పురుగుకు దాదాపు తగిలేంత దగ్గరికి వెళ్లాలి కాబట్టి ఆకు మీది పిండినల్లి లాంటి కదలనివాటికే సరిపోతుంది.

లెన్స్ పాడవుతుందా?

జాగ్రత్తగా ఉంటే పాడవదు. ఎప్పుడూ లోపల దాక్కునే వెనక అద్దం, విద్యుత్ బిందువులు, లివర్ ఇప్పుడు దుమ్ముకు, ముళ్లకు ఎదురుగా ఉంటాయి. పాత వెనక మూత మధ్యలో గుండ్రంగా కోసి తగిలిస్తే మంచి కవచం. నికాన్ వాళ్లకు మౌంట్ మీద తగిలి 52 మి.మీ. ఫిల్టర్ మరలిచ్చే బీఆర్-3 రింగు ఉంది. దానికి ఫిల్టర్ బిగిస్తే నిశ్చింత. బరువైన జూమ్‌లను తిప్పకండి, ఆ బరువంతా ప్లాస్టిక్ ఫిల్టర్ మరల మీద వేలాడుతుంది. ముందు గొట్టం మోటారుతో కదిలే చిన్న 50 మి.మీ. లెన్సుల విషయంలోనూ ఇదే ఇబ్బంది.

ఇంత తిప్పలు ఎందుకు, మాక్రో లెన్స్ కొంటే పోదా?

సీతాకోకచిలుకలు, తూనీగలు ముఖ్యమైతే కొనండి, అదే సరైనది. 100 మి.మీ. మాక్రో 1:1 దగ్గర కూడా పురుగుకు పదిహేను సెంటీమీటర్ల దాకా చోటిస్తుంది, ఎపర్చర్ దానంతటదే పనిచేస్తుంది. కానీ మామూలు మాక్రో లెన్సుల్లో చాలావరకు 1:1 దగ్గరే ఆగిపోతాయి. తిరగేసిన 28 మి.మీ. అక్కడి నుంచి మొదలవుతుంది. చీమలు, పేనుబంక, చిన్న సాలీళ్లు, పురుగుల గుడ్లు మీకు ఇష్టమైతే మాక్రో లెన్స్ కొన్నాక కూడా రివర్స్ రింగు సంచీలోనే ఉంటుంది. మధ్యేమార్గం కావాలంటే టెలిఫొటో ముందు తగిలించే రేనాక్స్ డీసీఆర్-250 లాంటి 8 డయాప్టర్ల క్లోజప్ లెన్స్ ఉంది.

ఈ ఫొటో చూసి అది ఏ జాతో చెప్పగలరా?

ముఖం ఒక్కటే తీస్తే చాలాసార్లు చెప్పలేరు. ఈగలను, కందిరీగలను గుర్తించడానికి రెక్కల ఈనెల అమరిక, మీసాల కణుపులు, కాళ్ల రంగు చూస్తారు. కాబట్టి దగ్గరికి వెళ్లే ముందు ఒళ్లంతా కనిపించేలా పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసి పెట్టుకోండి. ఏ మొక్క మీద ఉందో కూడా తీయండి, కొన్ని పురుగులు ఒకటి రెండు రకాల మొక్కలనే తింటాయి. జీవులను గుర్తించి చెప్పే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు పురుగు సైజు కూడా రాస్తే గుర్తించేవాళ్లకు సులువు. స్కేలు ఫొటోతో మీ లెన్స్ ఎన్ని రెట్లో ముందే తెలుసు కదా, దాన్ని బట్టి పొడవు లెక్క కట్టవచ్చు. ఫొటోను కత్తిరించిన తర్వాత మాత్రం ఆ లెక్క చెల్లదు.